1089 చూపిస్తే చప్పట్లు వచ్చాయి, పాఠం మాత్రం ఎక్కలేదు. లెక్కల క్లాసులో ఆశ్చర్యం నిజంగా పనిచేస్తుందా?

మల్కాజిగిరి_టీచర్ | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ప్రభుత్వ హైస్కూల్లో ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్తాను. క్లాసులో 44 మంది. మొన్న బీజీయ సమాసాలు మొదలుపెట్టే ముందు పిల్లల్లో కాస్త హుషారు తెద్దామని 1089 లెక్క చేయించాను. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. మూడంకెల సంఖ్య ఒకటి అనుకోవాలి, మొదటి అంకె చివరి అంకె కంటే పెద్దదై ఉండాలి. దాన్ని తిరగేసి రాసి, మొదటి సంఖ్యలోంచి తీసేయాలి. వచ్చినదాన్ని మళ్లీ తిరగేసి, ఈసారి కలపాలి. 832 అనుకుంటే, 832లోంచి 238 పోతే 594. 594కి 495 కలిపితే 1089. ఎవరు ఏ సంఖ్య అనుకున్నా చివరికి 1089 దగ్గరికే వస్తారు.

ముందే ఒక కాగితం మీద 1089 అని రాసి, మడిచి, చాక్‌పీసుల డబ్బా కింద పెట్టాను. అందరూ లెక్క పూర్తి చేశాక ఒక అమ్మాయిని పిలిచి ఆ కాగితం తెరిపించాను. క్లాసు దద్దరిల్లిపోయింది. బల్లలు చరిచారు. "మేడం, మీకెట్ల తెలుసు మేడం!" అని ఒకటే గోల. పక్క క్లాసు సార్ వచ్చి తొంగి చూసి వెళ్లారు. ఆ పీరియడ్ అయ్యాక నాకు ఎంత సంతోషంగా అనిపించిందో చెప్పలేను.

మర్నాడు "నిన్న అట్ల ఎందుకొచ్చింది?" అని అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. "ఇంకో మ్యాజిక్ చెప్పండి మేడం" అన్నారు. మూడు అంకెలకు ఎ, బి, సి అని పేర్లు పెట్టి బోర్డు మీద 100ఎ + 10బి + సి అని రాయగానే మొహాలు మళ్లీ మామూలుగా అయిపోయాయి. నిన్నటి పిల్లలేనా వీళ్లు అనిపించింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ గోలలో చివరి బెంచీ అబ్బాయి ఒకడు లేచి "నాకు 198 వచ్చింది మేడం" అన్నాడు. "ఎక్కడో తప్పు చేసుంటావు, మళ్లీ చూసుకో" అని ముందుకెళ్లిపోయాను. వాడి నోట్సు కూడా చూడలేదు. రెండు రోజుల్నుంచి అదే గుర్తొస్తోంది.

లెక్కలు ఆశ్చర్యంగా ఉండాలని అందరం అంటాం. ఆ ఆశ్చర్యం పాఠంగా మారాలంటే ఏం చేయాలి? చేసి చూసినవాళ్లు చెప్పండి.

పాతబస్తీ_లెక్కల_సార్ | సోమవారం, రాత్రి 10:25

అమ్మా, 31 ఏళ్లు పాతబస్తీ బడుల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. నాకు తోచింది చెప్తాను.

మీరు చూపించింది గారడీ. గారడీ తప్పేం కాదు, నేనూ చాలా చేశాను. కానీ గారడీలో పిల్లవాడు ఆశ్చర్యపోయేది టీచరును చూసి. "మీకెట్ల తెలుసు?" అన్నాడు చూడండి, అక్కడే ఉంది విషయం. వాడి కళ్లు మీ మీదున్నాయి, అంకెల మీద లేవు. పైగా ఏం వస్తుందో వాడు ముందుగా ఏమీ అనుకోలేదు. ఏమీ అనుకోనివాడికి ఏది వచ్చినా ఒకటే.

నేను స్టీలు గ్లాసుతో చేసేవాణ్ణి. ఇంట్లో మంచినీళ్లు తాగే గ్లాసు, కాస్త పొడుగ్గా ఉండేది. దాన్ని టేబుల్ మీద పెట్టి ఒకటే అడిగేవాణ్ణి: "దీని ఎత్తు ఎక్కువా, మూతి చుట్టుకొలత ఎక్కువా?" ఎవరూ పైకి చెప్పొద్దు, నోట్సు మూల రాసుకోండి అనేవాణ్ణి. ఏటా అదే. క్లాసులో నూటికి తొంభై మంది ఎత్తే ఎక్కువ అని రాసేవాళ్లు. ఓసారి చూడ్డానికొచ్చిన హెడ్మాస్టరు గారు కూడా ఎత్తే అన్నారు.

అప్పుడు ట్వైన్ దారం తీసి మూతి చుట్టూ ఒక్క చుట్టు చుట్టి, కత్తిరించి, ఒక పిల్లవాడి చేతికి ఇచ్చేవాణ్ణి. వాడు దారం ఒక కొసను గ్లాసు అడుగున పట్టుకుని పైకి లాగుతాడు. దారం మూతి దాటుతుంది. ఇంకా పైకి పోతుంది. గ్లాసు మీద ఇంకో గ్లాసు పెట్టినంత ఎత్తు పోతుంది. అప్పుడు క్లాసు నిశ్శబ్దంగా ఉంటుంది చూడండి, చప్పట్లు ఉండవు. "సార్, మళ్లీ చుట్టండి" అంటారు. నమ్మరు. ముగ్గురు నలుగురు వచ్చి తామే చుట్టుకుంటారు. నా గ్లాసు ఎత్తు 11.5 సెంటీమీటర్లు, మూతి వ్యాసం 7.5. చుట్టుకొలత దాదాపు 23.5. కంటికి కనిపించేది వ్యాసం, చుట్టుకొలత కాదు. ఆ మాట నేను చెప్పక్కర్లేదు, పిల్లలే అంటారు.

తర్వాత "అయితే రెండూ సమానంగా ఉండే గ్లాసు ఎట్లుంటది?" అని అడిగి వదిలేసేవాణ్ణి. మూతి వెడల్పుకు మూడింతల కంటే కొంచెం ఎక్కువ ఎత్తుండాలి. మర్నాడు అగరబత్తీల డబ్బా ఒకరు, టార్చిలైటు ఒకరు, బ్యాడ్మింటన్ బంతుల గొట్టం ఒకరు పట్టుకొచ్చేవాళ్లు. పై అంటే 3.14 అని ముందే చెప్పి ఉంటే ఇవేవీ వచ్చేవి కావు. ఆ "కొంచెం ఎక్కువ" ఎంతో తెలుసుకోవాలన్న కోరిక పుట్టాకే నేను పై పేరు ఎత్తేవాణ్ణి.

కాబట్టి అమ్మా, ముందు ఊహ రాయించండి. రాసిన ఊహ తప్పైతేనే ఆశ్చర్యం. ఆ 198 అబ్బాయి నోట్సు తప్పకుండా చూడండి. నాకు అక్కడ ఏదో ఉందనిపిస్తోంది.

కూకట్‌పల్లి_ట్యూషన్ | మంగళవారం, ఉదయం 7:10

సార్ చెప్పింది బాగుంది, కానీ నేను ఒప్పుకోలేని సంగతి ఒకటుంది. నా దగ్గరికి సాయంత్రం వచ్చే పిల్లల్లో సగం మంది ఏడెనిమిదులు ఎంతంటే వేళ్లు లెక్కపెట్టుకుంటారు. వాళ్లకు ఏ లెక్కా ఆశ్చర్యం కలిగించదు, ఎందుకంటే ఏ జవాబు రావాలో వాళ్లకు ముందుగా ఒక అంచనా లేదు. 7 ఎనిమిదులు 56 అన్నా, 65 అన్నా ఒకేలా తలూపుతారు. ఆశ్చర్యపడాలన్నా కొంత తెలిసి ఉండాలి. ఆశ్చర్యం తెలివైన ఐదారుగురు పిల్లలకే అందుతుంది, మిగతావాళ్లు వాళ్లను చూసి చప్పట్లు కొడతారు. నేను ముందు ఎక్కాలు, భిన్నాలు గట్టి చేస్తాను. ఆ తర్వాతే ఏదైనా.

టైము సంగతి సరేసరి. ఒక గ్లాసుకు ఒక పీరియడ్ పోతే సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు?

ఇద్దరమ్మాయిల_అమ్మ | మంగళవారం, మధ్యాహ్నం 1:30

నేను టీచర్ని కాదు, తల్లిని. అయినా చెప్పాలనిపించింది.

మా పెద్దమ్మాయి ఏడో తరగతిలో ఉన్నప్పుడు శాతాల పాఠం. టీచరు మా అమ్మాయిని లేపి "వస్తువు ధర 20 శాతం పెరిగి, తర్వాత 20 శాతం తగ్గితే ఏమవుతుంది?" అని అడిగారట. "ఎంతుందో అంతే" అని చెప్పింది. ఆయన నవ్వి "చూశారా, అందరూ ఇట్లనే పడిపోతారు" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆయన ఉద్దేశం మంచిదే అయి ఉండొచ్చు. కానీ ఆ రోజు నుంచి ఏడాది పాటు మా అమ్మాయి లెక్కల క్లాసులో చెయ్యెత్తలేదు. జవాబు కచ్చితంగా తెలిసినా ఎత్తేది కాదు. "ఏదో మెలిక ఉంటది మమ్మీ" అనేది.

ఆ లెక్కను తర్వాత నేనే ఇంట్లో చీర ధరతో చెప్పాను. 1000 రూపాయల చీర 1200 అయింది. ఇప్పుడు 20 శాతం తగ్గింపు అంటే 1000 మీద కాదు, 1200 మీద. 240 పోయి 960. ఇద్దరం కలిసి తప్పు అనుకున్నాం, ఇద్దరం కలిసి తెలుసుకున్నాం. దానికి అప్పుడు ఆశ్చర్యం కలిగింది. క్లాసులో కలిగింది అవమానం.

అందుకే అడుగుతున్నా. ఊహ తప్పైతేనే ఆశ్చర్యం అంటున్నారు సార్ గారు. తప్పు చెప్పిన పిల్ల మనసు ఏమవుతుందో కూడా చూడాలి కదా?

పాతబస్తీ_లెక్కల_సార్ | మంగళవారం, సాయంత్రం 6:05

అమ్మా, మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఊహను నోట్సు మూల రాయమని, ఎవరికీ చూపించొద్దని నేను చెప్పింది అందుకే. ఇంకో పద్ధతి కూడా ఉంది: కళ్లు మూసుకుని చేతులెత్తమనడం. నేను లెక్కపెట్టి బోర్డు మీద సంఖ్య మాత్రమే రాస్తాను, "ఎత్తు అన్నవాళ్లు 38, చుట్టుకొలత అన్నవాళ్లు 4" అని. పేర్లు ఉండవు. క్లాసులో 38 మందీ తప్పైనప్పుడు ఎవరూ ఎవర్నీ చూసి నవ్వరు, కలిసి తెల్లబోతారు. నిజంగా తెలియని ప్రశ్న అయితే నా ఊహ కూడా రాసి, తప్పైతే అందరి ముందే కొట్టేసేవాణ్ణి.

ఒక్క పిల్లను నిలబెట్టి అడిగే ఆశ్చర్యం వద్దే వద్దు. మీ అమ్మాయి ఇప్పుడు చెయ్యెత్తుతోందా?

ఇద్దరమ్మాయిల_అమ్మ | మంగళవారం, సాయంత్రం 6:40

ఎత్తుతోంది సార్. ఇప్పుడు పదో తరగతి. కొత్త టీచరమ్మ వచ్చాక మారింది.

బీఎడ్_రెండో_ఏడు | మంగళవారం, రాత్రి 8:15

మాకు ఈ సెమిస్టర్‌లో దాదాపు ఇదే అంశం వచ్చింది, అందుకే రాస్తున్నాను. ఇజ్రాయెల్ గణిత విద్యావేత్త నిట్సా మోవ్‌షోవిట్జ్-హదార్ 1988లోనే ఒక వ్యాసం రాశారు. బడి గణితంలో ఉన్న ప్రతి సిద్ధాంతంలోనూ ఒక ఆశ్చర్యం దాగి ఉంటుందని, దాన్ని బయటికి తీయడమే టీచరు పని అని ఆమె వాదన. అది చదివాక త్రిభుజం కోణాల మొత్తం నాకు కొత్తగా కనిపించింది. కాగితం మీద గీసిన చిన్న త్రిభుజానికీ, చార్మినార్, గోల్కొండ, ట్యాంక్‌బండ్ కలుపుతూ మ్యాపు మీద గీసిన త్రిభుజానికీ 180 డిగ్రీలే. ఎంత సాగదీసినా మారదు. మనం దాన్ని "గుర్తుపెట్టుకోండి" అని చెప్పేసి ఆశ్చర్యాన్ని తీసేస్తున్నాం.

సార్ చెప్పిన పద్ధతిని సైన్సు బోధనలో "ఊహించు, గమనించు, వివరించు" అని నేర్పుతారు. వైట్, గన్‌స్టన్ అనే ఇద్దరు 1992లో దాన్ని వివరంగా రాశారు. ఇంకోటి, బటర్‌ఫీల్డ్, మెట్‌కాఫ్ 2001లో చేసిన ప్రయోగంలో తేలిందేమంటే, మనిషి గట్టి నమ్మకంతో చెప్పిన జవాబు తప్పని తెలిసినప్పుడు, సరైన జవాబును ఇంకా బాగా గుర్తుపెట్టుకుంటాడు. అనుమానంగా చెప్పిన తప్పు కంటే ధీమాగా చెప్పిన తప్పే బాగా దిద్దుకుంటుంది. ఆ ప్రయోగం జనరల్ నాలెడ్జ్ ప్రశ్నలతో చేసింది, లెక్కలతో కాదు. అయినా గ్లాసు విషయంలో ధీమాగా "ఎత్తే" అన్న పిల్లలు గుర్తొచ్చారు.

కూకట్‌పల్లి సార్ అన్నది కూడా దీంతో కలుస్తుంది. ధీమా ఉండాలంటే కొంత తెలిసుండాలి. కానీ గ్లాసును చూసి ధీమాగా తప్పు చెప్పడానికి ఎక్కాలు రానక్కర్లేదు కదా సార్? కళ్లుంటే చాలు.

అత్తాపూర్_ప్లాట్లు | మంగళవారం, రాత్రి 9:00

నేను ప్లాట్లు అమ్ముతాను. మా అబ్బాయితో జరిగిన సంగతి. 30 అడుగులు, 60 అడుగుల ప్లాటు, అంటే 200 గజాలు. "పొడవు, వెడల్పు రెండూ రెట్టింపు చేస్తే ఎన్ని గజాలు రా?" అంటే టక్కున 400 అన్నాడు. చాక్‌పీసుతో నేల మీద గీయించాను, నాలుగు ప్లాట్లు పట్టాయి. 800 గజాలు. వాడు ఆ నాలుగు గళ్ల చుట్టూ తిరుగుతూ అరగంట చూశాడు. అప్పుడు తనంతట తానే "గజానికి మూడడుగులే కదా, మరి చదరపు గజానికి తొమ్మిది అడుగులేంది అనుకునేవాణ్ణి, గిదేనా డాడీ?" అన్నాడు. ఇన్నేళ్లుగా గజాల్లో బతుకుతున్నాను, ఆ రెండింటినీ కలిపి నేనెప్పుడూ చూడలేదు.

గచ్చిబౌలి_కోడర్ | మంగళవారం, రాత్రి 10:50

44 మంది క్లాసంటే పుట్టినరోజుల లెక్క చేయించండి మేడం. 23 మంది ఉన్న గదిలోనే ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగం కంటే కాస్త ఎక్కువ. 44 మందికైతే 93 శాతం పైనే. పిల్లలు 365 రోజులున్నాయి కాబట్టి కష్టమనుకుంటారు. ఇద్దరు కలిసే అవకాశాలను మనుషులతో కాదు, జంటలతో లెక్కపెట్టాలి. 44 మందిలో 946 జంటలుంటాయి.

పాతబస్తీ_లెక్కల_సార్ | బుధవారం, ఉదయం 6:30

మంచి లెక్కే బాబూ, కానీ ఒక జాగ్రత్త. మన బడి రిజిస్టర్లలో తేదీలు నమ్మొద్దు. బడిలో చేర్చేటప్పుడు వయసు సరిపోవాలని జూన్ తేదీలు రాయించుకున్నవాళ్లు చాలామంది. రిజిస్టరు ముందేసుకుని చేస్తే ఒకే తేదీకి ఐదారుగురు తేలి, అసలు ఆశ్చర్యం పోతుంది. అమ్మనడిగి అసలు తేదీ తెచ్చుకోమని ముందురోజే చెప్పండి.

సైనిక్‌పురి_లెక్చరర్ | బుధవారం, మధ్యాహ్నం 3:20

జూనియర్ కాలేజీలో చెప్తాను. నాకిష్టమైన ఆశ్చర్యం ఇంకో రకం. నమ్మిన క్రమం విరిగిపోవడం.

వృత్తం గీసి, దాని మీద చుక్కలు పెట్టి, ప్రతి చుక్కనూ మిగతా అన్నింటితో గీతలతో కలపాలి. లోపల ఎన్ని ముక్కలయ్యాయో లెక్కపెట్టాలి. రెండు చుక్కలకు 2 ముక్కలు. మూడింటికి 4. నాలుగింటికి 8. ఐదింటికి 16. ఈ పాటికి పిల్లలు నన్ను వదిలేసి తామే "32, 32" అని అరుస్తుంటారు. "లెక్కపెట్టండి" అంటాను. 31 వస్తుంది. ఒకటి ఎక్కడో తప్పిపోయిందని మళ్లీ మొదలుపెడతారు. పెన్సిలుతో ఒక్కో ముక్కలో అంకె వేస్తారు. 31 మీద పెన్సిలు ఆగిపోతుంది. పక్కవాడి వృత్తం లాక్కుని అందులో లెక్కపెడతారు. అక్కడా 31.

కొందరికి 30 వస్తుంది. వాళ్లు తప్పు చేశారని మాత్రం అనొద్దు. చుక్కల్ని సమాన దూరంలో పెడితే మూడు గీతలు సరిగ్గా మధ్యలో ఒకే చోట కలుస్తాయి, అక్కడ ఉండాల్సిన చిన్న ముక్క మాయమవుతుంది. చుక్కను కాస్త జరిపితే ఆ ముక్క కళ్ల ముందే తెరుచుకుంటుంది. నాకు ఏళ్ల తరబడి ఆ 30 వచ్చిన పిల్లలే అసలు పాఠం మొదలుపెట్టారు. ఏడో చుక్కకు 57. రెట్టింపు కథ అక్కడితో అయిపోయింది, ఇక నిజమైన కారణం వెతకాలి. పిల్లలు "నిరూపణ ఎందుకు సార్, నాలుగు ఉదాహరణలు సరిపోలేదా?" అని నన్నడగడం మానేసింది ఈ లెక్క తర్వాతే.

మల్కాజిగిరి టీచర్ గారూ, మీ 198 అబ్బాయి కూడా నా 30 పిల్లల్లాంటివాడే అనిపిస్తోంది.

తెలుగు_పండిట్ | బుధవారం, రాత్రి 9:15

లెక్కల చర్చలోకి తెలుగు మాస్టారు వచ్చాడనుకోకండి, ఇది మన సాహిత్యంలోనూ ఉంది. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహం రాశాడు. దాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మహావీరుడు గుణకారం నేర్పుతూ ఎంచుకున్న లెక్కలు చూడండి. 139ని 109తో గుణించమంటాడు, 15151 వస్తుంది. 152207ను 73తో గుణించమంటాడు, ఎనిమిది ఒకట్లు వరుసగా వస్తాయి. 27994681ని 441తో గుణిస్తే 12345654321. ఇలాంటి జవాబులను ఆయన మెడలో వేసుకునే హారాలతో పోల్చాడు. ఎటు నుంచి చదివినా ఒకటే, హారంలాగే. గుణకారం అభ్యాసం చేయించడానికి ఏ సంఖ్యలైనా ఇవ్వొచ్చు. చివరికి పిల్లవాడి కళ్లు మెరిసే సంఖ్యలను వెతికి ఇచ్చాడు. కూకట్‌పల్లి సార్, అభ్యాసం, ఆశ్చర్యం ఒకే లెక్కలో ఉండొచ్చనడానికి పదకొండు వందల ఏళ్ల సాక్ష్యం ఇది.

ఇంకొకరు దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్. మహారాష్ట్రలోని దేవళాలీలో బడి పంతులు. 6174 ఆయన 1949లో లోకానికి చెప్పిన సంఖ్య. నాలుగంకెల సంఖ్య తీసుకోండి, అన్నీ ఒకే అంకె కాకూడదు. అంకెల్ని పెద్ద నుంచి చిన్నకు పేర్చి, చిన్న నుంచి పెద్దకు పేర్చినదాన్ని తీసేయండి. మళ్లీ అదే చేయండి. 3524తో మొదలుపెడితే: 5432లోంచి 2345 పోతే 3087. 8730లోంచి 0378 పోతే 8352. 8532లోంచి 2358 పోతే 6174. ఏ సంఖ్యైనా ఎక్కువలో ఎక్కువ ఏడు మెట్లలో అక్కడికి చేరుతుంది, చేరాక కదలదు. 0378లో ముందున్న సున్నాను వదిలేయకూడదు, అది గుర్తుంచుకోవాలి.

మల్కాజిగిరి_టీచర్ | బుధవారం, రాత్రి 9:50

పండిట్ గారూ, ఆ చివరి వాక్యం చదివి గబుక్కున కాగితం తీసుకున్నాను. సున్నా! ఆ అబ్బాయికి తేడా 99 వచ్చుంటుంది. వాడు 99ని తిరగేస్తే 99, రెండూ కలిపితే 198. వాడు 099 అని రాసి ఉంటే 990 అయ్యేది, మొత్తం 1089 అయ్యేది. వాడి కూడిక తప్పు కాదు, తీసివేత తప్పు కాదు. నేను చెప్పిన నియమమే పూర్తిగా లేదు. రేపే వాడి నోట్సు చూస్తాను.

కూకట్‌పల్లి_ట్యూషన్ | గురువారం, ఉదయం 7:00

పండిట్ గారి 152207 గుణకారం నిన్న రాత్రి బ్యాచ్‌కు ఇచ్చాను. ఎప్పుడూ మూడు గుణకారాలకే పెన్ను కింద పెట్టే అబ్బాయి, ఒక ఒకటి బదులు రెండు వచ్చిందని తనంతట తాను మొదట్నుంచీ మళ్లీ చేశాడు. జవాబు ఎలా ఉండాలో వాడికి తెలుసు కాబట్టి తప్పు వాడికే కనిపించింది. నేను దిద్దలేదు. ఎక్కాలు ముందు గట్టి కావాలన్న మాట మీదే ఇంకా ఉన్నాను. కానీ వాటిని గట్టి చేయించే లెక్కలు ఇకపై ఇట్లాంటివే వెతుకుతాను.

మల్కాజిగిరి_టీచర్ | మరుసటి మంగళవారం, రాత్రి 9:30

వారం తర్వాత రాస్తున్నాను. కాస్త పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

గురువారం ప్రేయర్ అయ్యాక ఆ అబ్బాయిని పిలిచి నోట్సు చూపించమన్నాను. వాడు తీసుకున్న సంఖ్య 473. 473లోంచి 374 పోతే 99. ఆ పేజీలో వాడు 473 లెక్క ఒకసారి కాదు, మూడుసార్లు చేశాడు. ఒకదాని కింద ఒకటి. మూడుసార్లూ 198. మూడోదాని కింద పెన్ను గుచ్చి గుచ్చి గీసిన గీత ఉంది, వెనక పేజీకి కూడా అచ్చు పడింది. క్లాసంతా చప్పట్లు కొడుతుంటే వాడొక్కడు అక్కడ కూర్చుని మళ్లీ మళ్లీ చేసుకున్నాడన్నమాట. నేను వాణ్ణి చూడలేదు.

"ఆ రోజు నువ్వు చెప్పింది నేను వినలేదు నాన్నా, నీ లెక్క కరెక్టే. దీన్ని క్లాసుకు ఇద్దామా?" అని అడిగాను. ముందు వద్దన్నాడు. పేరు చెప్పనంటే సరేనన్నాడు.

1089 పాఠాన్ని మళ్లీ మొదట్నుంచీ చేశాను, ఈసారి కాగితం దాచలేదు. "మీరందరూ తలా ఒక సంఖ్య తీసుకుంటారు. చివర్లో అందరికీ వేర్వేరు జవాబులు వస్తాయా, కొందరికి కలుస్తాయా, అందరికీ ఒకటే వస్తుందా? నోట్సు మూల రాయండి" అన్నాను. చేసి చూసిన లెక్కే కదా, అందరికీ 1089 అని ధీమాగా రాశారు. అప్పుడు 473 ఇచ్చాను, ఏ సాయమూ చేయలేదు. దాదాపు అందరికీ 198. ఒక్కసారిగా క్లాసులో చప్పుడు లేదు. సార్ గారు చెప్పిన నిశ్శబ్దం అదేననుకుంటా. "మేడం, 1089 అబద్ధమా?" అని ఒకమ్మాయి అడిగింది.

నేను మాట్లాడకుండా "మీ మీ సంఖ్యలకు వచ్చిన తేడాలన్నీ బోర్డు మీద రాద్దాం" అన్నాను. ఒక్కొక్కరు వచ్చి తమ తేడా రాశారు. 594, 297, 693, 198, 99, 495. వరసలో పెట్టమంటే వాళ్లే పెట్టారు. 99, 198, 297 అలా 891 దాకా. కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి "మధ్యలో ఎప్పుడూ తొమ్మిదే మేడం, అటూ ఇటూ కలిపితే తొమ్మిది" అంది. "అయితే 99లో మధ్య అంకె ఏది?" అని అడిగింది ఇంకొకమ్మాయి. నేను కాదు, ఆ పిల్లే అడిగింది. అప్పుడు మా చివరి బెంచీ అబ్బాయి కూర్చున్న చోటు నుంచే "ముందట సున్నా పెట్టాలె" అన్నాడు. బోర్డు దగ్గరికి వచ్చి 99 ముందు సున్నా పెట్టాడు. 099, 990, 1089.

ఆ తర్వాత 100ఎ + 10బి + సి రాశాను. ఈసారి మొహాలు మారలేదు. తిరగేస్తే 100సి + 10బి + ఎ. తీసేస్తే 10బి ఎగిరిపోయి 99 మిగులుతుంది, ఎ లోంచి సి తీసిన దానితో గుణిస్తూ. "మధ్య అంకె ఏదైనా ఒకటే అందుకా మేడం!" అన్నారు ముగ్గురు నలుగురు ఒకేసారి. నిన్న పరీక్ష పెట్టకుండా, "ఎందుకు 1089?" అని మాత్రం రాయమన్నాను. 19 మంది కారణం పూర్తిగా రాశారు. ఇంకో పదిమంది సగం దాకా వచ్చారు. మిగతావాళ్ల గురించి కూకట్‌పల్లి సార్ మాట నాకు గుర్తుంది. వాళ్లలో కొందరికి తీసివేతలో అప్పు తెచ్చుకోవడమే సరిగ్గా రావట్లేదు. అది వేరుగా చేయించాలి, ఆశ్చర్యంతో అది తీరదు.

ఇక అసలు సంగతి. పీరియడ్ అయిపోతుంటే ఆ అబ్బాయి అడిగాడు: "నాలుగంకెలకు కూడా ఒకటే జవాబొస్తదా మేడం?" నాకు తెలియదు. నిజంగా తెలియదు. బోర్డు మూల నా ఊహ రాశాను, "ఒకటే వస్తుంది" అని. పిల్లలు ఇంటికి పోయి చేసుకొచ్చారు. 4321కి 10890. 5221కి 10989. 5132కి 9999. మొదటి అంకె చివరి అంకె కంటే పెద్దదిగా పెట్టి మొత్తం క్లాసు చేసిన లెక్కలన్నీ ఈ మూడింట్లోనే పడ్డాయి, నాలుగోది ఎవరికీ రాలేదు. నా ఊహ కొట్టేశాను. ఆ అబ్బాయి నోట్సులో ఇప్పుడు మూడు నిలువు గళ్లున్నాయి, ఏ సంఖ్య ఏ గడిలో పడిందో రాసుకుంటూ పోతున్నాడు. మూడే ఎందుకో సైనిక్‌పురి సార్ చెప్తారా?

సైనిక్‌పురి_లెక్చరర్ | మంగళవారం, రాత్రి 10:05

చెప్పగలను మేడం, చేసి చూశాను. కానీ ఇక్కడ రాయను, మీకు విడిగా పంపుతాను. మీరు మాత్రం అప్పుడే తెరవకండి. ఆ అబ్బాయి గళ్లలో ఎన్ని సంఖ్యలున్నాయి?

మల్కాజిగిరి_టీచర్ | మంగళవారం, రాత్రి 10:20

62. ఇవాళ సాయంత్రం బడి వదిలాక గేటు దగ్గర ఆగి "మేడం, నడిమి రెండు అంకెలు చూస్తే ముందే తెలుస్తోంది ఏ గడో" అన్నాడు. ఎలా అని అడిగేలోపు బస్సొచ్చింది.